మొదటి గరిటె

మా వదిన ఎవరింటికి వెళ్ళినా ముందు గిన్నె మీద మూత తీసి చూస్తుంది. కుశలప్రశ్నలు ఆ తర్వాత. కొత్తకోడలిగా మా ఇంట్లో అడుగుపెట్టిన రోజే నేరుగా వంటింట్లోకి నడిచి, పొయ్యి పక్కనున్న కూరగిన్నె మూత ఎత్తి, "ఇదెప్పుడు వండారు?" అని మా అమ్మను అడిగింది. మా అమ్మ ఆ మాట చచ్చేదాకా మర్చిపోలేదు. వచ్చిన చుట్టాలందరికీ చెప్పుకునేది. "కోడలొస్తుందనుకున్నానమ్మా, తనిఖీ వచ్చింది."

ఆఫీసులో కూడా ఆమెను అందరూ మూతక్క అనే అంటారు. నగర ఆరోగ్యశాఖలో ఆహార తనిఖీ ఆమె ఉద్యోగం. హోటళ్ళు, రొట్టెల బట్టీలు, ఆస్పత్రి వంటగదులు అన్నీ ఆమె కిందికే వస్తాయి. అన్నిటికంటే పెద్ద బాధ్యత బడిపిల్లల మధ్యాహ్న భోజనం. నేను అదే భవనంలో కింది అంతస్తులో, పరీక్షల గదిలో పనిచేస్తాను. ఆమె పైనుంచి డబ్బాలు పంపుతుంది. వాటిలో ఏ క్రిమి ఉందో చూసి నేను కాగితం పైకి పంపుతాను. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదా, నాకు ఆ హోదా ఇంట్లో దక్కలేదు గానీ ఆఫీసులో దక్కింది. నా కాగితం జతపడకపోతే ఆమె రిపోర్టు చిత్తుకాగితంతో సమానం.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేనిక్కడ మా వదిన తప్పు గురించి రాస్తున్నాను. అందులో సగం నాది. సొంత మనిషి తప్పు రాసేటప్పుడు మన వాటా ముందే ఒప్పేసుకుంటే చెయ్యి కాస్త తేలికపడుతుంది.

మా వదిన చేరిన కొత్తలో వంటశాలల్లో ఒక మోసం నడిచేది. పిల్లలకు వండిన దాంట్లో కొంచెం డబ్బాలో పెట్టి, రెండు రోజులు ఫ్రిజ్‌లో దాచాలని రూలు. ఎవరికైనా జబ్బు చేస్తే ఆ డబ్బాయే సాక్షి. కానీ వంటవాళ్ళు ఏం చేసేవారంటే, తనిఖీ వస్తుందని తెలియగానే గుప్పెడు బియ్యం విడిగా వండి, శుభ్రంగా డబ్బాకెత్తేవారు. పిల్లలు తిన్నదొకటి, మేం పరీక్ష చేసిందొకటి. మా వదినకు ఒళ్ళు మండింది. రెండు వారాలు కూర్చుని కొత్త రూలు రాసింది. వంట పొయ్యి మీంచి దించిన వెంటనే, ఎవరూ ముట్టకముందే, మొదటి గరిటె డబ్బాలోకి వెళ్ళాలి. డబ్బా మీద టైము వేసి, సంతకం పెట్టి, అక్కడికక్కడే ఫ్రిజ్‌లో పెట్టాలి.

"అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే గిన్నెంతా పిసకాలా? ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదూ?" అంది ఆ రోజు నాతో. నేనూ తలూపాను. రూలు అచ్చయింది. పెద్ద అక్షరాలతో, ప్లాస్టిక్ కవరు తొడిగించుకుని, ప్రతి వంటశాల గోడ మీదా వెలిసింది. మేకులు కూడా ఆమే కొట్టించింది.

అది జరిగిన మరుసటి ఏడు, వంతెన అవతల బడిలో అరవైమూడు మంది పిల్లలు వాంతులు చేసుకున్నారు.

అన్నం తిన్న రెండు గంటలకు మొదలైంది. ఎవరూ పోలేదు, ఆ మాట ముందే చెబుతున్నాను. కానీ ఒక గంటసేపు ఆ వరండా చూసినవాళ్ళకు ఎవరో పోయినట్టే ఉంది. వదిన పరుగెత్తి వెళ్ళేసరికి మిగిలిన అన్నం పారబోసేశారు, గిన్నెలు కడిగేశారు, నీళ్ళ డ్రమ్ము బోర్లించేశారు. భయంతో శుభ్రం చేశారో, దోషం కనబడకూడదని చేశారో దేవుడికెరుక. మిగిలిందల్లా వంటశాల ఫ్రిజ్‌లో ఉన్న డబ్బా. మొదటి గరిటె. టైము, సంతకం అన్నీ సరిగ్గా ఉన్నాయి.

నేను పరీక్షించాను. ఏమీ లేదు. మూడుసార్లు చూశాను. క్రిమిని పెంచి చూసే గాజుపళ్ళేలు అద్దంలా ఉన్నాయి.

మా పెద్ద డాక్టరు, అంటే ఆరోగ్యశాఖకు అధికారి, కాగితం చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. "తిండి క్లీన్ కదా. మరిక మిగిలింది నీళ్ళేగా" అన్నాడు. నీళ్ళు అనగానే నీళ్ళు పట్టే మనిషిని పిలిచారు. ఆ బడిలో ఆయా ఆవిడ. పొద్దున్నే డ్రమ్ము నింపి, అందులో బ్లీచింగ్ పౌడరు కలపడం ఆవిడ పని. డ్రమ్ముకొక చెంచా.

ఆ గదిలో నేనూ ఉన్నాను. బల్లకు ఇటుపక్క ముగ్గురం కూర్చున్నాం, అటుపక్క ఆవిడ నిలబడింది. కొంగు రెండు చేతులతో పట్టుకుంది.

"పౌడరు ఎన్ని చెంచాలు వేశావు?" అన్నాడు పెద్ద డాక్టరు.

"ఒక్కటేనండి."

"బాగా గుర్తుందా?"

ఆవిడ నోరు తెరిచి ఆగింది. "ఒక్కటే… రోజూ ఒక్కటే వేస్తానండి."

"రోజు సంగతి కాదు. ఆ రోజు."

ఆవిడ నా వంక చూసింది, వదిన వంక చూసింది. "ఒకటో… రెండో… ఒక్కటేనండి" అంది.

ఆ 'రెండో' ఆవిడ కొంప ముంచింది. రోజూ చేసే పనిని ఏ రోజు ఎలా చేశామో ఎవరికి గుర్తుంటుంది? నిన్న పొద్దున తాళం వేశారా అని గట్టిగా నాలుగుసార్లు అడిగితే నేనూ తడబడతాను, మీరూ తడబడతారు. కానీ తడబడ్డవాళ్ళే దొంగలని మనకొక నమ్మకం. "తాగునీటిలో బ్లీచింగ్ పౌడరు మోతాదు మించి కలిసి ఉండవచ్చు" అని రిపోర్టు తయారైంది. ఉండవచ్చు అన్న మాటను మా వదినే పట్టుబట్టి పెట్టించింది. న్యాయం చేశాననుకుంది పాపం. ఉండవచ్చు అన్న మాట ఫైల్లోనే ఉండిపోయింది, ఆవిడ ఉద్యోగం మాత్రం ఊడింది. కింద రెండు సంతకాలు, మా వదినది, నాది.

ఆ తర్వాత వీధిలో పిల్లలు ఆవిడకు వాంతుల ఆయా అని పేరు పెట్టారని విన్నాం. విని, 'అయ్యో' అనుకుని, కాఫీలు తాగాం. ఎద్దు పుండు కాకికి నొప్పా?

తర్వాత పదకొండేళ్ళు మా వదిన రూలు వెలిగిపోయింది. చిన్నాచితకా ఫిర్యాదులు వచ్చాయి. ఒకచోట నలుగురు, ఒకచోట తొమ్మిదిమంది. ప్రతిసారీ డబ్బా నా దగ్గరికి వచ్చేది, ప్రతిసారీ నిర్దోషిగా వెళ్ళిపోయేది. పిల్లలు బయట చిరుతిళ్ళు తిని ఉంటారు, ఎండ దెబ్బ తగిలి ఉంటుంది, ఒకణ్ణి చూసి ఒకడు కక్కి ఉంటాడు. కారణాలకేం కరువు? ఆ బడికి వండే వంటశాలకు మంచి వంటశాల అని ప్రశంసాపత్రం కూడా వచ్చింది. దాన్ని వదిన రూలు పక్కనే తగిలించారు.

ఈ ఏడు, ఒక మంగళవారం, మళ్ళీ అదే బడి. నలభైఒక్క మంది.

వదిన వార్డులో మంచం మంచానికీ తిరిగి పిల్లల్ని అడిగింది. ఆమె అడిగే తీరు వేరు. ఏం తిన్నావు అని అడగదు. "పళ్ళెంలో ఏం వదిలేశావు?" అని అడుగుతుంది. తిన్నదాని గురించి పిల్లలు అమ్మకు భయపడి అబద్ధం చెబుతారు గానీ, నచ్చనిదాని గురించి ఎప్పుడూ అబద్ధమాడరట. ఒకడు కూర వదిలేశానన్నాడు, ఒకడు గుడ్డు పక్కవాడికిచ్చానన్నాడు. అన్నం వదిలేశానన్నవాడు మంచాల మీద ఒక్కడూ లేడు. అన్నం తిననివాళ్ళంతా ఇళ్ళలో ఆడుకుంటున్నారు.

చివరి మంచం మీద పదేళ్ళ పిల్ల ఉంది. పక్కన ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా.

"బళ్ళో నీళ్ళు తాగవా?" అంది వదిన.

"తాగను. మా అమ్మమ్మ ఒట్టు పెట్టించుకుంది."

"ఎందుకు?"

"బళ్ళో నీళ్ళు తాగితే చచ్చిపోతారంట. మా అమ్మమ్మ ఇదివరకు ఆ బళ్ళోనే పనిచేసేదంట. తనే ఒకసారి అందరికీ జబ్బు తెప్పించిందంట."

వదిన చేతిలోని పెన్ను ఆగిపోయింది. ఆ సాయంత్రం ఆమె ఆ మాట నాకు చెబుతూంటే, "తెప్పించిందన్నారంట కాదే, తెప్పించిందంట" అంది రెండుసార్లు. ఆ అమ్మమ్మ మేం పంపించేసిన ఆయానే, ఆ నింద ఇప్పుడు ఆవిడే నమ్ముతోంది.

ఆ రాత్రే పరీక్షకు పెట్టిన మొదటి గరిటె డబ్బా ఫలితం మర్నాడు వచ్చింది. ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది. పెద్ద డాక్టరు ఎప్పటిలాగే కుర్చీలో వెనక్కి వాలి, "ఇప్పుడు ఆ బళ్ళో నీళ్ళ పని ఎవరు చూస్తున్నారు?" అన్నాడు. ఎప్పటిలాగే అన్నానుగా. వదిన మాత్రం ఎప్పటిలా లేదు.

"రెండు రోజులు గడువివ్వండి సార్."

"దేనికి మేడమ్? సాంపిల్ క్లీన్."

"అదే సార్. అదెప్పుడూ క్లీనే. నాకిప్పుడు దాని మీదే అనుమానం."

గురువారం తెల్లవారుజామున నన్ను కూడా లేపి వంటశాలకు లాక్కెళ్ళింది. నలుగురు మనుషులు పట్టేంత గంగాళాలు, ఆవిరి, గచ్చు మీద గంజి. వంటావిడ మమ్మల్ని చూసి ఏ మాత్రం కంగారు పడలేదు. ఇరవై ఏళ్ళ చెయ్యి తిరిగిన మనిషి. గోడ మీది కాగితం వైపు చూపించి గర్వంగా అంది.

"మీరు రాసినట్టే మేడమ్, పొల్లు పోకుండా. మొదటి గరిటె మీకే. మీకు తీసిపెట్టందే మేం ఇంకొకరికి ముట్టనివ్వం."

ఆరున్నరకు అన్నం దించారు. వంటావిడ పొగలు కక్కే గంగాళం మీంచి తెల్లటి గరిటెడు తీసి డబ్బాలో పెట్టి, టైము వేసి, ఫ్రిజ్‌లో పెట్టింది. మిగతాది డ్రమ్ముల్లోకి ఎత్తి, మూతలు బిగించింది. అక్కడ మొదలైంది అసలు సంగతి. ఒకటే వ్యాను, మూడు బళ్ళు. మొదటి బడికి తొమ్మిదిన్నరకు, రెండోదానికి పదకొండుకు, వంతెన అవతలి బడికి పన్నెండు దాటాక. మంగళవారం నాడు టైరు పేలి అదికూడా ఒంటిగంటన్నర అయింది. అంటే ఆ అన్నం ఏడు గంటలు మూత కింద ఉక్కిరిబిక్కిరై కూర్చుంది.

వదిన ఆ రోజు ఒక డ్రమ్ము పిల్లలకు పోకుండా పక్కన పెట్టించింది. దాన్ని కూడా వ్యానులోనే, మంగళవారం ఎంతసేపు తిరిగిందో అంతసేపే తిప్పింది. ఒంటిగంటన్నరకు మూత తీసి వేలు పెట్టింది. గోరువెచ్చగా ఉంది. పసిపిల్లకు స్నానం చేయించే నీళ్ళలా ఉంది. అట్టడుగు నుంచి ఒక గరిటె తీసి నాకిచ్చింది. మొదటి గరిటె ఒక చేత్తో, చివరి గరిటె ఒక చేత్తో పట్టుకుని నేను కిందికి దిగాను.

బియ్యంలో ఒక క్రిమి ఉంటుంది. ఉడికినా దాని గింజ చావదు. మరిగే వేడిలో నోరు మూసుకుని కూర్చుంటుంది. వేడి తగ్గి గోరువెచ్చనయిందా, లేచి సంసారం పెడుతుంది. అది కక్కే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. తిన్న రెండు మూడు గంటల్లో వాంతులు. పొయ్యి మీంచి దించిన మరుక్షణం తీసి ఫ్రిజ్‌లో పెట్టిన గరిటెలో అది ఎన్నటికీ దొరకదు. దొంగతనం రాత్రి జరిగితే, పొద్దున తీసిన ఫోటో చూసి దొంగ లేడని చెప్పామన్నమాట, పదకొండేళ్ళు. ఇది నాకు తెలియని శాస్త్రం కాదు. పరీక్ష రాసి పాసై వచ్చినదాన్ని. నా పని డబ్బాలో ఏముందో చూడటం, డబ్బా ఎప్పుడు నింపారన్నది పై అంతస్తు పని, అనుకున్నాను.

శుక్రవారం పళ్ళేలు తీశాను. మొదటి గరిటె పళ్ళెం ఖాళీ. చివరి గరిటె పళ్ళెంలో లెక్కపెట్టడానికి చోటు లేదు.

కాగితం పైకి పంపలేదు. నేనే తీసుకెళ్ళాను. వదిన చదివి మడిచి పెట్టుకుంది.

"వదినా, ఏదో ఒకటి మాట్లాడు."

"ఒక్క మెతుకు పట్టుకుంటే చాలన్నాను కదే" అంది. "ఆ సామెత చెప్పిన మనిషి వండిన చోటే వడ్డించింది. వ్యానెక్కించి ఊరంతా తిప్పలేదు."

ఆ ఆదివారం ఇంట్లో అటక మీది పెట్టె దింపింది. మా అన్నయ్య నిచ్చెన పట్టుకుని, "శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందన్నమాట" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. పెట్టెలో ఆమె పాత నోటుపుస్తకాలు ఏడాదివారీగా ఉన్నాయి. పదకొండేళ్ళ కిందటిది తీసి వంటింటి గట్టు మీద పరిచింది. ఆమె రాత గుండ్రంగా, ముత్యాల్లా ఉంటుంది. అందుకే తప్పించుకోవడానికి వీల్లేకుండా ఉంది. పద్నాలుగో పేజీలో "వంతెన మరమ్మతు, వ్యాను చుట్టూ తిరిగి వచ్చింది, ఆలస్యం" అని ఉంది. పదహారో పేజీలో ఇద్దరు పిల్లల పేర్లు, వాటి ఎదురుగా "ఇంటినుంచి నీళ్ళ సీసా. బడి నీళ్ళు తాగలేదు. అయినా జబ్బు". ఆ పక్కన చిన్న ప్రశ్నార్థకం.

"అడిగానే ఆ పిల్లల్ని" అంది వదిన. "అడిగాను, రాసుకున్నాను, ప్రశ్న కూడా వేసుకున్నాను. నీ కాగితం శుభ్రంగా వచ్చేసరికి పేజీ తిప్పేశాను."

నాకు కోపం వచ్చింది. నా కాగితం అన్నందుకు. అది నిజమైనందుకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు పెద్దలు. ఆ నిలకడ కాలం ఎవరు భరించాలో మాత్రం చెప్పరు.

సోమవారం వదిన రిపోర్టు ఇచ్చింది. నాలుగు పేజీలు. మొదటి మూడు ఈ మంగళవారం గురించి. నాలుగోదానిలో, మొదటి గరిటె రూలు రాసింది తానేననీ, అది తప్పనీ, పదకొండేళ్ళ కిందటి వాంతులకు కూడా అన్నమే కారణమని నమ్ముతున్నాననీ, ఆయాను తప్పు పట్టిన పాత రిపోర్టును రద్దు చేసి, ఆ మాట ఆవిడకు రాతపూర్వకంగా తెలియజేయాలనీ రాసింది. నేను కింద సంతకం పెట్టాను.

పెద్ద డాక్టరు మూడు పేజీలు మెచ్చుకున్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు, మనిషి దుర్మార్గుడేం కాదు. వ్యాన్లు రెండు చేయిస్తానన్నాడు, చివరి బళ్ళో చివరి డ్రమ్ములోంచి కూడా డబ్బా తీయాలని ఆర్డరు వేస్తానన్నాడు. నాలుగో పేజీ మాత్రం విడిగా తీసి పక్కన పెట్టాడు.

"ఇదెందుకు మేడమ్? పాత అన్నం లేదు, పాత నీళ్ళు లేవు. వట్టి అనుమానం మీద మూసిన ఫైలు తెరుస్తారా?"

"అనుమానం మీదే కదా సార్ మూశాం."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆవిడ ఇప్పుడేమైనా ఫిర్యాదు చేసిందా?"

"లేదు సార్."

"మరి? ఆవిడకే లేని బాధ మీకెందుకు? ఇది రాస్తే ఆ రూలు నడిచిన ప్రతి బడి నుంచీ ఒకడొస్తాడు. మీ మీదే వేటు పడుతుంది. మీ మంచికే చెబుతున్నాను."

"పడనివ్వండి సార్."

పడలేదు. రిపోర్టు మూడు పేజీలతో పైకి వెళ్ళింది. రెండు వారాలకు కొత్త ఆర్డరు అచ్చయి వచ్చింది, కింద పెద్ద డాక్టరు పేరుతో. వదిన కాగితం ఊడదీసి, అదే మేకుకు దీన్ని తగిలించారు. వంటావిడ మాత్రం బాధపడింది. "మొదటిదీ మీకే, చివరిదీ మీకేనా మేడమ్? మా మీద నమ్మకం పోయిందా?" అంది. ఆవిడకేం చెబుతాం?

వదిన నాలుగో పేజీని తన చేత్తో మళ్ళీ రాసింది. ముద్ర లేదు, నంబరు లేదు. కింద సంతకం పెట్టి, నా చేత కూడా పెట్టించి, "పద" అంది.

ఆయా ఇల్లు ఆ బడికి రెండు సందుల అవతల. ఒక్క గది, ముందు రేకుల పంచ. పంచలో బల్ల మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేస్తోంది. బొగ్గుల పెట్టె. పక్కన మడతపెట్టిన చొక్కాలు గోడలా పేర్చి ఉన్నాయి. జుట్టు పూర్తిగా నెరిసింది గానీ నేను గుర్తుపట్టాను. ఆవిడ మాకంటే ముందే గుర్తుపట్టింది. పెట్టె పక్కన పెట్టి, రెండు చేతులతో కొంగు పట్టుకుని నిలబడింది, ఆ రోజు నిలబడ్డట్టే. ఆ ఒక్కటీ చూడటానికి మేం వెళ్ళకపోయినా బాగుండుననిపించింది నాకు.

"కూర్చోండి పెద్దమ్మా" అంది వదిన.

"పర్లేదమ్మా. పిల్లకి తగ్గిపోయింది. బడి నీళ్ళు తాగలేదమ్మా అది, ఒట్టు. నేనే సీసా కట్టిచ్చా."

"తెలుసు. అందుకే వచ్చాం. నీళ్ళ వల్ల కాదు పెద్దమ్మా. అన్నం వల్ల. అప్పుడు కూడా అన్నం వల్లే. మీ తప్పేం లేదు."

ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వదిన కాగితం ముందు పెట్టింది. ఆవిడకు చదవడం రాదు. మనవరాలిని పిలిచింది. ఆ పిల్ల గడప మీద కూర్చుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ, బళ్ళో పాఠం చదివినట్టు చదివింది. 'నిర్దోషి' అన్నచోట ఆగి, "అంటే ఏంటి?" అని అడిగింది. ఎవరూ చెప్పకపోయేసరికి తనే ముందుకు పోయింది.

చదవడం అయ్యాక ఆవిడ కాగితం చేతిలోకి తీసుకుని, అక్షరాలు వదిలేసి కిందికి చూసింది.

"సంతకాలు మీ ఇద్దరివేనా?"

"మావే."

"ఆ రోజు కూడా మీ ఇద్దరే పెట్టారు కదమ్మా."

మా వదిన చాలామందిని నిలదీసి అడిగిన మనిషి. అన్నేళ్ళలో ఆమె తల దించుకోవడం నేను మొదటిసారి చూశాను. "అవును. తప్పు చేశాం" అంది.

"ఇస్త్రీ ఎందుకు పెట్టుకున్నారు?" అన్నాను నేను.

"తిండీ నీళ్ళూ ముట్టుకోని పని ఏదుందా అని వెతుక్కున్నానమ్మా. బట్టలైతే ఎవరూ చావరు కదా." కాగితాన్ని నాలుగు మడతలు వేసి చొక్కాల దొంతర కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"అయితే ఆ రోజు నేను ఒక్క చెంచానే వేశానంటారా అమ్మా?"

అవునంటే పోయేది. నేనైతే అనేదాన్ని. పదకొండేళ్ళు రోజూ పొద్దున లేచి ఆ చెంచా లెక్క వేసుకున్న మనిషికి ఒక్క 'అవును' అంటే ఏం పోయింది? కానీ మా వదిన ఇంకోసారి తనకు తెలియనిదాని మీద సంతకం పెట్టదలచుకోలేదు.

"అది నాకు తెలీదు పెద్దమ్మా" అంది. "ఒకటి వేసినా, రెండు వేసినా, జబ్బు దానివల్ల కాదు. అంతవరకే నాకు తెలుసు."

ఆవిడ తలూపింది. ఆ మాట ఆవిడకు సరిపోలేదని నాకు కనబడుతూనే ఉంది. ఆవిడకు కావలసింది ఆ ఒక్క అంకె. అది ఈ లోకంలో ఎవరి దగ్గరా లేదు, ఉన్న ఒక్కరి దగ్గరా ఆ రోజు మా బల్ల ముందు నిలబెట్టి మేమే చెడగొట్టాం.

"అమ్మగార్లకి మంచినీళ్ళియ్యి" అంది మనవరాలితో.

"మీరివ్వండి పెద్దమ్మా" అంది వదిన. "మీ చేత్తో."

ఆవిడ తన చేతుల వంక చూసుకుంది. తర్వాత ఇస్త్రీపెట్టె అందుకుని, ఇంకో చొక్కా పరిచింది.

"పెట్టె చల్లారిపోతుందమ్మా" అంది.

మా వదిన తనే లోపలికి వెళ్ళి, బిందె మీద మూత తీసి, ముంచుకుని తాగింది. నాకూ ఒక గ్లాసు తెచ్చిచ్చింది.